గదికి ముందు గుండె ఖాళీ చేద్దాం

ఇంట్లో పసిబిడ్డ పుట్టబోతోందన్న కబురు తెలిస్తే తల్లిదండ్రులకన్నా ఎక్కువగా తొందరపడేది తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలే. ఉయ్యాల ఎక్కడ కట్టాలి, మంచం ఏ మూల వేయాలి, మెత్తటి పాత చీరలు ఎన్ని ఉన్నాయి, ఒంటికి ఏ నూనె రాయాలి... ఇవన్నీ ఆ రాత్రికే తేలిపోవాలి. ఆ ఆత్రంలో ప్రేమ ఉంది, కాదనలేం. అయితే ఆ ప్రేమకు కాస్త వివేకం, మరికాస్త తగ్గింపు తోడు కావాలని మేము ఆలస్యంగా నేర్చుకున్నాం. అమ్మమ్మా తాతయ్యలం కాబోతున్న రోజుల్లో ఒక చిన్న గదిని సర్దబోయి మేమేం తెలుసుకున్నామో ఈ వారం మీతో పంచుకుంటున్నాం.

తాళం వేసిన గది

మాది గుంటూరు దగ్గర చిన్న పట్టణం. మా అమ్మాయి పెళ్లయ్యాక రెండేళ్లపాటు ఆమె గదికి తాళం వేసే ఉంచాం. ఆ పెళ్లి మా ఇష్టప్రకారం జరగలేదు. అబ్బాయి విశ్వాసి, చదువుకున్నవాడు, ఉద్యోగం ఉన్నవాడు. కాని కులం వేరు. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలు పంచుకునే మేము, పెళ్లి మాట వచ్చేసరికి వంశావళులు తిరగేశాం. పెళ్లికి వెళ్లలేదు. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పాం. ఆ తరువాత ఆమె ఫోను చేస్తే ముక్తసరిగా మాట్లాడాం, కొన్నిసార్లు తీయనేలేదు.

ఆ గది నెమ్మదిగా సామాన్ల కొట్టుగా మారింది. బియ్యం బస్తాలు, పాడైన కూలరు, గృహకూడికలకు వాడే ప్లాస్టిక్ కుర్చీలు, క్రిస్మస్ నక్షత్రం ఉన్న అట్టపెట్టె, పాత పేపర్ల కట్టలు అన్నీ అందులో చేరాయి. నక్షత్రం కోసం ఏడాదికి ఒక్కసారి తలుపు తీసేవాళ్లం.

క్రిస్మస్ మరునాడు ఫోను వచ్చింది. అల్లుడి గొంతు వినడం అదే మొదటిసారి. "అత్తయ్యగారూ, మీ అమ్మాయికి ఐదో నెల. తొలి కాన్పు మీ దగ్గరే జరగాలని ఆశపడుతోంది. తను అడగలేక నాతో అడిగిస్తోంది" అన్నాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఎందుకు రాకూడదు బాబూ, రమ్మను" అన్నాం. రమ్మన్నది అమ్మాయిని. అతనిని కూడా రమ్మనాలన్న సంగతి మాకు అప్పటికి తోచలేదు.

షూనేము ఇల్లాలి గది

పరిశుద్ధ గ్రంథంలో ఒక అతిథి కోసం గది సిద్ధం చేసిన ఇల్లాలు ఉంది. షూనేములోని ఆ ఘనురాలు ఎలీషా ప్రవక్త తరచుగా ఆ దారిన వెళ్తున్నాడని గమనించి, భర్తతో మాట్లాడి, మేడమీద ఒక చిన్న గది కట్టించింది. అందులో పెట్టినవి నాలుగే నాలుగు వస్తువులు. మంచం, బల్ల, పీట, దీపస్తంభం (2 రాజులు 4:10). ఆమె ధనవంతురాలే. కావాలంటే నలభై వస్తువులు పెట్టగలదు. కాని వచ్చేవాడికి ఏం అవసరమో అవే పెట్టింది. గది ఆమె గొప్ప చూపించుకోవడానికి కాదు, వచ్చేవాడు విశ్రాంతి తీసుకోవడానికి.

మా జాబితా మాత్రం రెండు పేజీలు వచ్చింది. గోడలకు బొమ్మల కాగితం, దిండ్ల సెట్టు, కుచ్చుల దోమతెర, గిలక్కాయలు, పౌడరు, ఆరు నెలలకు గాని పట్టని గౌన్లు, చొక్కాలు. అమ్మాయికి ఒక మనిషి పట్టే నవారు మంచం. మా ముచ్చటంతా ఆ కాగితంలో ఉంది. అమ్మాయికి ఏం కావాలో మాత్రం అందులో లేదు, ఎందుకంటే మేము అడగలేదు.

మా సంఘంలో నలుగురు పిల్లల కాన్పులు చేసిన ఒక పెద్దామె ఆ జాబితా చూసి, "ముందు పిల్లనడగండమ్మా, గది మీదే అయినా బిడ్డ వాళ్లది" అంది. ఆ సాయంత్రం ఫోను చేశాం. అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "ఏమీ కొనొద్దమ్మా. మంచం మాత్రం ఇద్దరికి సరిపోయేది వేయండి. శని ఆదివారాలు ఆయన వచ్చి ఉంటారు" అంది.

మా నోట మాట రాలేదు. రెండు పేజీల జాబితాలో బిడ్డ తండ్రికి చోటు లేదు. ప్రతి క్రిస్మస్‌కూ బేత్లెహేము సత్రంలో స్థలం లేకపోయిన సంగతి (లూకా 2:7) మనం ఎంత బాధగా చెప్పుకుంటామో! ఆ సత్రపు వాళ్లను ఎంత తప్పుపడతామో! ఆ నక్షత్రాన్ని దాచిన గదిలోనే మేము ఒక మనిషికి చోటు లేకుండా చేశాం.

ఖాళీ చేయడమే మొదటి పని

పసిబిడ్డ గది అనగానే కొనవలసినవి గుర్తొస్తాయి. నిజానికి అమ్మమ్మా తాతయ్యలు చేయగలిగిన పెద్ద సాయం తీసేయడంలో ఉంది. బరువులు ఎత్తలేని కూతురికి, సెలవు దొరకని అల్లుడికి అది ఎంతో మేలు. మాకు రెండు రోజులు పట్టింది. బియ్యం బస్తాలు ఉంటే పురుగులు, ఎలుకలు ఉంటాయి. వాటికోసం పెట్టిన మందులూ ఉంటాయి. అవి మొదట బయటికి పోవాలి. పేపర్ల కట్టల్లో దుమ్ము, బొద్దింకలు. అటక మీద, మంచానికి సరిగ్గా పైన పెట్టిన ఇత్తడి గిన్నెలు దించాం. వాక్యం రాసి ఉన్న పెద్ద అద్దాల ఫ్రేము కూడా మంచం పైనుంచి తీసి ఎదురుగోడకు మార్చాం. మేకు ఊడితే దాని కింద ఉండేది పసితల.

తరువాత గోడలు. పాత ఇళ్ల తలుపులకు, కిటికీలకు వేసిన పాత రంగుల్లో సీసం ఎక్కువగా ఉండేది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన రంగు పొట్టు లేస్తుంటే దాన్ని పొడిగా గీకకూడదు, ఆ దుమ్మే ప్రమాదం. తడిపి జాగ్రత్తగా తీయించి, తడిగుడ్డతో తుడిపించాలి. ఆ పని జరిగేటప్పుడు గర్భిణి ఆ ఇంట్లో ఉండకూడదు. మేము జనవరిలోనే వెల్ల, రంగు పనులు ముగించి, ఆమె వచ్చేలోగా కిటికీలు తీసి వాసన పోనిచ్చాం. కిటికీలకు దోమల మెష్ కొట్టించాం. వేలాడుతున్న స్విచ్చిబోర్డు సరిచేయించాం. రాత్రిపూట పాలిచ్చే తల్లి కళ్లకు గుచ్చుకోకుండా ఒక చిన్న దీపం పెట్టించాం. తాత అయ్యే మనిషికి ఇలాంటి పనులు చేతినిండా దొరుకుతాయి. "కాన్పు సంగతులు ఆడవాళ్లవి" అని పేపరు చదువుతూ కూర్చోనక్కర్లేదు.

ఆ సర్దుళ్లలోనే ఒక కవరు దొరికింది. అమ్మాయి పెళ్లి శుభలేఖ. రెండేళ్ల క్రితం పోస్టులో వస్తే విప్పకుండానే పేపర్ల మధ్య పడేశాం. ఇప్పుడు విప్పాం. ఆహ్వానించువారు అన్నచోట వాళ్ల తల్లిదండ్రుల పేర్ల పక్కనే మా ఇద్దరి పేర్లూ అచ్చువేయించారు. మేము వెళ్లని పెళ్లికి అందరినీ పిలిచింది మేమే. ఆ కార్డు పట్టుకుని ఖాళీ గదిలో నేలమీద కూర్చుండిపోయాం. బస్తాలు మోయడం తేలికే అనిపించింది. దేవుని ఎదుట ఒప్పుకోవలసిన అసలు బరువు అప్పుడు కనిపించింది.

ఆ రాత్రి అల్లుడికి మేమే ఫోను చేశాం. "బాబూ, పెద్ద మంచమే వేస్తున్నాం. నువ్వు ఎప్పుడు వస్తే అప్పుడు అది నీ ఇల్లే. మమ్మల్ని క్షమించు" అన్నాం. ఇంతకంటే బాగా చెప్పడం మాకు చేతకాలేదు. అతను "అంత మాట వద్దు మామయ్యగారూ" అన్నాడు.

పడకలో కావలసింది భద్రత

మోషే తల్లి తన బిడ్డకు చేసిన పడకను గుర్తుచేసుకుందాం. జమ్ముపెట్టె తెచ్చి, నీళ్లు చొరకుండా జిగటమన్ను, కీలు పూసింది (నిర్గమ 2:3). ఆ పెట్టెకు కుచ్చులు, అలంకారాలు ఉన్నాయని గ్రంథంలో లేదు. బిడ్డ ప్రాణం నిలవడమే ఆమె చూసుకుంది.

పసిబిడ్డ పడక గురించి ఇప్పటి పిల్లల డాక్టర్లు చెప్పే మాటలు సూటిగా ఉంటాయి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. పరుపు గట్టిగా, సమంగా ఉండాలి. ఏడాది లోపు దిండు వద్దు. పడకలో మెత్తని బొమ్మలు, బొంతలు, దుప్పట్లు ఉండకూడదు. తల్లి ఉన్న గదిలోనే, తల్లి చేతికి అందేంత దగ్గరలో, కాని వేరే పడక మీద పడుకోబెట్టాలి. అమెరికాలో పిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో పెద్ద ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో అకారణంగా సంభవించే పసిపిల్లల మరణాలు సుమారు సగానికి తగ్గాయి. పడుకోబెట్టే తీరు మార్చడం వల్ల వేలమంది బిడ్డలు బతికారు.

ఇక్కడే మా ఇంట్లో మొదటి గొడవ వచ్చింది. అమ్మమ్మ అయ్యే మనిషి అప్పటికే ఆవాల దిండు కుట్టి సిద్ధం చేసింది. తల గుండ్రంగా రావాలంటే ఆవాల దిండు ఉండాలి కదా! ఏడో నెలలో వచ్చిన అమ్మాయి దాన్ని చూసి, "వద్దమ్మా, డాక్టరుగారు దిండే వద్దన్నారు" అంది. "నిన్ను దీని మీదే పెంచాం, నీ తలకేమైంది?" అని మేము ఎదురు ప్రశ్న వేశాం. అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండేళ్ల దూరాన్ని దాటి వచ్చిన పిల్లను పది తులాల ఆవాల కోసం ఏడిపించాం. మర్నాడు తనతోపాటు డాక్టరు దగ్గరికి వెళ్లి మేమే అడిగాం. పసిబిడ్డ తల బరువు, మెడ బలహీనం, దిండు మీద మెడ వంగితే ఊపిరి ఆడే దారి మూసుకుపోవచ్చని, మెలకువగా ఉన్నప్పుడు పెద్దల కళ్లముందు బోర్లా ఆడిస్తే తల ఆకారం అదే సర్దుకుంటుందని ఆమె ఓపికగా చెప్పారు. ఆ ఆవాలు వేసవిలో ఆవకాయలోకి వెళ్లాయి.

చీర ఉయ్యాల సంగతీ అంతే. మన ఇళ్లలో ఉయ్యాల లేని బాల్యం ఉండదు. కాని గుడ్డ ఉయ్యాలలో బిడ్డ ఒళ్లు విల్లులా వంగి గడ్డం గుండెకు ఆనుతుంది. కాబట్టి బిడ్డను లాలించేటప్పుడు, పెద్దవాళ్లు పక్కనే ఉన్నప్పుడే ఉయ్యాల. నిద్రపోయాక సమంగా ఉన్న పడక మీదికి మార్చాలి. కొక్కెం, తాడు ఎప్పటికప్పుడు లాగి చూడవలసిన పని తాతది.

ఉంచుకోవలసినవి, విడిచిపెట్టవలసినవి

పాత పద్ధతులన్నీ తప్పు కావు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలకన్నా పసి ఒంటికి హితమైనది లేదు. వాటిని ఉడుకునీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, చదరపు ముక్కలుగా కత్తిరించి దొంతర్లు పెట్టాం. వియ్యపురాలు తన పాత చీరలు రెండు పంపింది. ఆవిడ చీర, మా ఇంటి చీర కలిపి ఒళ్లో వేసుకోవడానికి ఒక బొంత కుట్టాం. ఆవిడ వచ్చినప్పుడు కూర్చోవడానికి, పడుకోవడానికి కూడా చోటు చూశాం. బిడ్డకు అమ్మమ్మ ఎంతో నాయనమ్మా అంతే.

కొన్ని మాత్రం గది గడప దాటి లోపలికి రాకూడదు. తేనె వాటిలో మొదటిది. పుట్టగానే నాలుకకు తేనె రాయడం మనకు ముచ్చట. కాని ఏడాది లోపు పిల్లలకు తేనెలోని సూక్ష్మక్రిముల వల్ల నరాలను దెబ్బతీసే జబ్బు రావచ్చు. పుట్టిన మొదటి గంటలోనే తల్లి పాలు పట్టాలని, ఆరు నెలలదాకా తల్లి పాలు తప్ప మరేమీ, నీళ్లు కూడా, అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మొదట వచ్చే పచ్చని ముర్రుపాలను పిండి పారబోయకూడదు, అవి బిడ్డకు దొరికే మొదటి రక్షణ. కాటుకలో సీసం ఉండే ప్రమాదం ఉంది, కళ్లకు క్రిములూ అంటుకోవచ్చు. సాంబ్రాణి పొగ, దోమల చుట్టల పొగ ఆ చిన్న ఊపిరితిత్తులు భరించలేవు, దోమతెర చాలు. బొడ్డుకు నూనె, పసుపు, పౌడరు ఏదీ రాయకుండా పొడిగా ఉంచితే అదే ఊడిపోతుంది. బిడ్డ ఒళ్లు పచ్చబడితే ఎండలో పెట్టి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.

పథ్యం పేరుతో బాలింత నోరు కట్టేయడం ఇంకొకటి. నీళ్లు తాగొద్దు, కూరలు తినొద్దు అంటే పాలు ఎక్కడినుంచి వస్తాయి? పప్పు, ఆకుకూరలు, గుడ్డు, పాలు, పండ్లు, దాహానికి సరిపడా నీళ్లు బాలింతకు అందేలా చూడటమే అమ్మమ్మ చేయగలిగిన గొప్ప వైద్యం.

బిడ్డను ఎత్తుకునే చేతులు

గదిని ఎంత శుభ్రం చేసినా అందులోకి వెళ్లే మనం కూడా శుభ్రంగా ఉండాలి. మాలో తాత అయ్యే మనిషికి ఆ చలికాలమంతా దగ్గు. "వయసు దగ్గులే" అని కొట్టిపారేశాం. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయించాలన్నది మన దేశంలో క్షయ నివారణ కార్యక్రమం చెప్పే మాట. పరీక్ష చేయించాం, క్షయ లేదని తేలింది. ఉందని తేలినా మందులున్నాయి. తెలియకుండా బిడ్డ ముఖం మీద దగ్గడమే నేరం. బీడీ, సిగరెట్టు తాగేవాళ్లు బిడ్డ రాకముందే మానేయడం మంచిది. బయట తాగి వచ్చినా ఆ విషం బట్టలకు అంటి లోపలికి వస్తుంది. గది గుమ్మం దగ్గరే సబ్బు, నీళ్లు పెట్టి, చేతులు కడుక్కోనిదే ఎవరూ బిడ్డను ముట్టకూడదని నియమం పెట్టుకున్నాం.

సంఘపు పెద్దలకు, సహోదరీలకు ఒక మనవి. బిడ్డను చూడాలని, తలమీద చేయి ఉంచి ప్రార్థించాలని వచ్చేది ప్రేమతోనే. కాని మొదటి వారాల్లో పదిమంది చేతులు, ముద్దులు బిడ్డకు మంచివి కావు. వరండాలో కూర్చుని ప్రార్థించినా ఆ ప్రార్థన దేవునికి వినబడుతుంది. జలుబు ఉన్నవాళ్లు ఇంటి దగ్గర నుంచే ప్రార్థిస్తే మరీ మేలు.

కూతురి కాన్పుకు అమెరికా వెళ్లే తల్లిదండ్రులు ఇప్పుడు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వాళ్లు సూట్‌కేసులో పచ్చళ్లు సర్దుకునే ముందు ఒక టీకా గురించి డాక్టరును అడగాలి. పసిబిడ్డ దగ్గర ఉండబోయే పెద్దలందరూ కోరింత దగ్గు రాకుండా టీడాప్ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలని అక్కడి ఆరోగ్యశాఖ సూచిస్తుంది. అక్కడి పిల్లల తొట్టి మంచానికి కమ్మీల మధ్య ఖాళీ సుమారు 6 సెంటీమీటర్లు మించకూడదు. పక్కకమ్మీ కిందికి జారే పాత రకం మంచాల అమ్మకాన్ని 2011లో నిషేధించారు. చుట్టూ కట్టే మెత్తల మీద 2022లో చట్టం వచ్చింది. కాబట్టి తెలిసినవాళ్లు ఇచ్చిన పాత తొట్టి అయితే ఇవి చూసుకోవాలి. బిడ్డను ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చుంటానంటే కుదరదు, చట్టం ఒప్పుకోదు. అది వాళ్ల పిచ్చి పట్టింపు కాదు, బిడ్డ ప్రాణానికి కంచె.

ఆ గది తల్లిది కూడా

కాన్పు తరువాత బిడ్డ చుట్టూ ఇల్లంతా తిరుగుతుంటే తల్లి ఒక మూల ఒంటరిగా ఏడుస్తూ ఉండటం చాలా ఇళ్లలో జరుగుతుంది. మొదటి కొద్ది రోజులు అకారణంగా దిగులు రావడం సాధారణమే. అది రెండు వారాలు దాటినా, బిడ్డ మీద ధ్యాస లేకపోయినా, బతకాలని లేదన్నా అది "విశ్వాసం తగ్గడం" కాదు, జబ్బు. ప్రార్థన చేస్తూనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. గదిలో తల్లి పడుకోగలిగేంత నిశ్శబ్దం, నడుము ఆనించుకుని పాలివ్వడానికి వీపు ఉన్న కుర్చీ, చేతికందే దూరంలో నీళ్ల సీసా ఉండాలి. మేము అమర్చినవాటిలో ఎక్కువగా పనికొచ్చింది ఆ చేతుల కుర్చీయే. ఎలా పనికొచ్చిందో చెబుతాం.

ఏప్రిల్‌లో, అనుకున్న రోజుకన్నా మూడు వారాలు ముందే కాన్పు అయింది. ఆడపిల్ల. బరువు రెండు కిలోల నూట యాభై గ్రాములు. నిజం ఒప్పుకోవాలి, కుటుంబ ప్రార్థనలో మేము నాలుగు నెలలుగా "మనవణ్ణి ఇవ్వు ప్రభువా" అనే అడిగాం. ఆ చిన్న ముఖం చూశాక ఆ ప్రార్థనకు సిగ్గుపడ్డాం. దేవుడు మా మాట వినకపోవడమే మాకు మేలైంది.

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను పెద్దవాళ్ల ఛాతీకి ఆనించి, ఒంటికి ఒళ్లు తగిలేలా గంటల తరబడి పెట్టుకోవాలని ఆసుపత్రిలో నేర్పారు. దీన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో మొదలైన పద్ధతి ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో దీన్ని మరింత గట్టిగా సిఫారసు చేసింది. తల్లి అలసిపోతే తండ్రి, ఇంటివాళ్లు కూడా చేయవచ్చు. అమ్మాయికి ఆపరేషను అయింది, ఎక్కువసేపు కూర్చోలేదు. అల్లుడు సెలవు పెట్టుకుని వచ్చాడు.

ఇంటికి తెచ్చిన రెండో రాత్రి మాకు మెలకువ వచ్చింది. గదిలో చిన్న దీపం వెలుగుతోంది. తలుపు ఓరగా ఉంది. మంచం మీద అమ్మాయి గాఢనిద్రలో ఉంది. అల్లుడు చొక్కా తీసేసి ఆ కుర్చీలో కూర్చుని, బిడ్డను గుండెకు ఆనించుకుని, పైన రెండు చీరల బొంత కప్పుకుని, మెలకువగా ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. "కూర్చో నాయనా" అన్నాం. రెండేళ్లు మా గడప తొక్కనివ్వని మనిషి గుండె మీదే మా మనవరాలు వెచ్చగా ఊపిరి తీసుకుంటోంది.

పేరు ఏం పెట్టాలన్నది వాళ్లిద్దరికే వదిలేశాం. జెకర్యా ఇంట్లో బంధువులందరూ చేరి తండ్రి పేరే పెట్టాలని పట్టుబట్టిన సంగతి (లూకా 1:59-63) మాకు తెలుసు. ఆ బంధువుల జాబితాలో చేరదలుచుకోలేదు.

నయోమి ఒడి

రూతు గ్రంథం చివర ఒక చక్కని దృశ్యం ఉంది. నయోమి మనవడు ఓబేదును ఒడిలో పెట్టుకుని పెంచుతుంది (రూతు 4:16). ఆ బిడ్డ తల్లి మోయాబీయురాలు, పరాయి జాతి స్త్రీ. నయోమి వంశావళి తిరగేసి ఒడి ముడుచుకుని ఉంటే? ఆమె ముడుచుకోలేదు. ఆ ఒడిలో పెరిగిన బిడ్డే దావీదు రాజుకు తాత అయ్యాడు.

షూనేము ఇల్లాలి గది కథ కూడా నాలుగు వస్తువులతో ముగియలేదు. సంవత్సరాల తరువాత ఆమె కుమారుడు చనిపోయినప్పుడు ఆమె వాణ్ణి తీసుకెళ్లి పడుకోబెట్టింది ఆ గదిలోని మంచం మీదే. వాడు మళ్లీ కళ్లు తెరిచిందీ అక్కడే (2 రాజులు 4:21, 35). ఎవరికోసమో మనసారా సిద్ధం చేసిన గది ఆమె ఇంటికే జీవం తిరిగి ఇచ్చింది. మా ఇంట్లోనూ చనిపోయిందనుకున్న బంధం ఆ మంచం వేసిన గదిలోనే మళ్లీ ఊపిరి తీసుకుంది.

కాబోయే తాతలారా, అమ్మమ్మలారా, నాయనమ్మలారా! గోడలకు రంగులు వేయించండి, దోమతెర కట్టండి, పాత చీరలు ఉతికి మడతపెట్టండి. ఏం కావాలో ముందు పిల్లలను అడగండి. తెలియనిది డాక్టరును అడగండి. అలవాటైనదే అయినా బిడ్డకు మంచిది కాదంటే నొచ్చుకోకుండా పక్కన పెట్టండి. వీటన్నిటికన్నా ముందు, మీ ఇంట్లో తాళం వేసిన గది ఏదైనా ఉందేమో, విప్పని కవరు ఏదైనా మిగిలిందేమో ఒక్కసారి వెదకండి. బిడ్డ వచ్చేలోగా దాన్ని ఖాళీ చేయండి. చేయలేకపోతే మోకరించి అడగండి, దేవుడే చెయ్యి వేస్తాడు.

క్రిస్మస్ నక్షత్రం పెట్టెకు ఇప్పుడు ఆ గదిలో చోటు లేదు. దాన్ని వరండాలో అటక మీద పెట్టాం.